బ్యాటరీ పోయిందా, బండిలోనే ఏదో తాగేస్తోందా? 14 నెలలకే సెల్ఫ్ కొట్టట్లేదు

హంటర్‌రోడ్ సెడాన్:
అందరికీ నమస్తే. నాది 2016 మోడల్ పెట్రోల్ సెడాన్, ఉండేది హనుమకొండ. బ్యాటరీ కొత్తది వేయించి 14 నెలలే అయింది. ఈ మధ్య రెండు రోజులు బండి తీయకుండా పెడితే మూడో రోజు పొద్దున తాళం తిప్పగానే టక్ టక్ టక్ టక్ అని కుట్టుమిషన్ లాగా చప్పుడు, అంతే. మీటర్ బోర్డులో లైట్లన్నీ మినుకుమినుకుమంటాయి. పక్కింటి వాళ్ల బండితో జంప్ ఇస్తే ఒక్క దెబ్బకు స్టార్ట్ అవుతుంది, ఇక ఆ రోజంతా ఎన్నిసార్లు ఆపి తీసినా ఇబ్బంది లేదు. మొన్న బ్యాటరీ షాపుకు పోతే బానెట్ కూడా ఎత్తకుండా "పోయింది సార్, పాతది ఇచ్చేస్తే 4,800కు కొత్తది వేస్తా" అన్నాడు. వారంటీ ఉంది కదా అంటే రెండు రోజులు బ్యాటరీ ఇక్కడే పెట్టి పోవాలి, టెస్టులో ఫెయిల్ అయితేనే అని నసిగాడు. కోపమొచ్చి 350 పెట్టి మల్టీమీటర్ కొనుక్కొచ్చా. ఇంటికి రాగానే పెట్టి చూస్తే 12.7 చూపించింది. 12.6 ఉంటే ఫుల్ అని వీడియోల్లో చెప్తున్నారు. మరి ఫుల్‌గా ఉన్న బ్యాటరీ పోయినట్టు ఎట్లా? వచ్చే వారం నాన్నను హైదరాబాద్ చెకప్‌కు తీసుకుపోవాలి, దారిలో ఆగిపోతే అని టెన్షన్‌గా ఉంది.

పరకాల పత్తి:
అన్నా ముందు ఒకటి చెప్పు, రాత్రి బండి దిగేటప్పుడు లైట్లు ఆపుతున్నావా? తిట్టుకోకు, మా బావ వారం రోజులు బ్యాటరీని తిట్టి తిట్టి చివరికి చూస్తే పార్కింగ్ లైటే ఆపకుండా దిగుతున్నాడు.

హంటర్‌రోడ్ సెడాన్:
ఆపుతున్నా తమ్మీ. ఆపకపోతే ఈ బండి కీంకీం అని అరుస్తుంది కూడా.

నైట్‌షిఫ్ట్ గోదావరిఖని:
నేను కరెంటు పనే చేస్తా, బండ్ల మెకానిక్‌ను కాదు, కానీ బ్యాటరీలతో రోజూ వేగేవాణ్ణే. మీరు 12.7 చూసింది బండి నడిపి వచ్చిన వెంటనే కదా? అక్కడే మోసపోయారు. అప్పుడే ఛార్జింగ్ ఎక్కిన బ్యాటరీ ప్లేట్ల పైపైన కొంత ఛార్జ్ నిలబడి ఉంటుంది. అన్నం పొంగు మీద ఉన్నప్పుడు గిన్నె నిండుగా కనిపిస్తుంది చూడండి, అట్లాంటిదే. పొంగు దిగినాక చూడాలి.

రాత్రి బండి ఆపి, పొద్దున డోర్ కూడా తెరవకముందు, అంటే లోపలి లైటు వెలగకముందు చూడాలి. బానెట్ లివర్ లోపల ఉంటుంది కాబట్టి రాత్రే బానెట్ లాగి వదిలి పెట్టుకోండి. మీటర్ డీసీ 20 వోల్టుల మీద పెట్టి ఎర్ర వైరు ప్లస్‌కు, నల్లది మైనస్‌కు. టర్మినల్ క్లాంపు మీద కాదు, లోపలి సీసం పోస్టు మీద పెట్టండి, రెండింటి మధ్య చిలుము ఉంటే అంకె తప్పొస్తుంది. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు. 12.2 సగం. 12.0 అంటే పావు వంతే మిగిలింది. 11.9 కిందికి పోతే ఖాళీ అనే అనుకోవాలి. చూడటానికి అర వోల్టు తేడానే, కానీ ఆ అర వోల్టులోనే మొత్తం కథ ఉంది.

రెండోది, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంతకు పడిపోతుందో చూడండి. ఒక్కరే తాళం తిప్పి మీటర్ చూడలేరు, ఫోన్‌లో వీడియో పెట్టి మీటర్ ముందు నిలబెట్టండి. 9.6 కిందికి పడొద్దు. మూడోది, స్టార్ట్ అయినాక ఎంత చూపిస్తుందో. 13.8 నుంచి 14.5 మధ్యలో ఉంటే డైనమో మంచిగా ఉన్నట్టే. 15 దాటితే అది బ్యాటరీని ఉడకబెడుతున్నట్టు. ఈ మూడు అంకెలూ ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం. అప్పటిదాకా 4,800 జేబులోనే ఉంచుకోండి.

పాత అంబాసిడర్:
ఇంత లెక్క ఎందుకయ్యా. బండి స్టార్ట్ చేసి, నడుస్తుండగా బ్యాటరీ మైనస్ వైరు పీకెయ్. ఇంజన్ ఆగకుండా నడిస్తే డైనమో మంచిది, బ్యాటరీ పోయింది. ఆగిపోతే డైనమో పోయింది. నలభై ఏళ్ల నుంచి మేము ఇట్లనే చూస్తున్నాం, మీటర్లు గీటర్లు ఎక్కడివి అప్పుడు.

నైట్‌షిఫ్ట్ గోదావరిఖని:
పెద్దయ్యా, మీ అంబాసిడర్‌కు అది నడిచేది, ఈ బండికి మాత్రం వద్దు. దయచేసి ఎవరూ చేయొద్దు. బ్యాటరీ ఉన్నప్పుడు ఎగసిపడే వోల్టేజీని అదే మింగుతుంది. నడుస్తుండగా వైరు పీకితే ఆ దెబ్బ నేరుగా ఈసీయూ మీద, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ మీద, మ్యూజిక్ సిస్టం మీద, సెన్సర్ల మీద పడుతుంది. బ్యాటరీ ఐదు వేలలో పోతుంది, ఈసీయూ పోతే ఆ డబ్బుతో పాత స్కూటర్ వస్తుంది.

పాత అంబాసిడర్:
సరే సరే. మా కాలంలో బండిలో కంప్యూటర్లు లేవు, అందుకే తోసినా స్టార్ట్ అయ్యేవి.

కాజీపేట జంక్షన్:
క్లాంపు మీద కాదు పోస్టు మీద పెట్టమన్నారు చూడండి, దాని వెనక నా పదివేలు ఉన్నాయి. మూడేళ్లలో రెండు బ్యాటరీలు మార్చా. ప్రతిసారీ కొత్తది వేసిన వారం బాగుండేది, మళ్లీ మొదలు. తాళం తిప్పితే టక్ అని ఒక్కటే చప్పుడు, హెడ్‌లైట్లు మాత్రం ఫుల్‌గా వెలిగేవి. నాకు అప్పుడు తెలియదు, లైట్లు మసకబారకుండా ఉండి సెల్ఫ్ తిరగకపోతే తప్పు బ్యాటరీలో కాకుండా వైర్లలోనో సెల్ఫ్ మోటర్‌లోనో ఉంటుందని. చివరికి ఒక ముసలి ఎలక్ట్రీషియన్ మీటర్ ఎర్ర వైరు ఇంజన్ బాడీ మీద, నల్లది బ్యాటరీ మైనస్ పోస్టు మీద పెట్టి నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. 0.9 వోల్టులు చూపించింది. అక్కడ 0.2కు మించొద్దంట. ఇంజన్ నుంచి చాసిస్‌కు పోయే జడలాంటి ఎర్త్ పట్టీ ఉంటుంది కదా, అది నట్టు కింద పచ్చగా చిలుము పట్టి సగం తెగి ఉంది. మట్టిపేపర్‌తో (శాండ్‌పేపర్) రుద్ది కొత్త పట్టీ వేశాడు, 250 తీసుకున్నాడు. ఆ 250 ఇచ్చేటప్పుడు నాకు ఎంత ఏడుపొచ్చిందో!

అందుకే చెప్తున్నా, ముందు టర్మినల్స్ విప్పి చూడండి. తెల్లగానో నీలంగానో బూజులాగా పేరుకుని ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో తోమండి, బుస్సున పొంగుతుంది. తర్వాత మంచినీళ్లతో కడిగి, తుడిచి, మట్టిపేపర్‌తో పోస్టూ క్లాంపు లోపలా మెరిసేదాకా రుద్ది బిగించాక పైన వాజెలిన్ పూయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. తిరగేస్తే ప్లస్‌కు పెట్టిన పానా బాడీకి తగిలి వెల్డింగ్ అయిపోతుంది.

నైట్‌షిఫ్ట్ గోదావరిఖని:
కాజీపేట అన్న బాగా చెప్పాడు. చేతికి కడియం, ఉంగరం ఉంటే తీసెయ్యండి. లుంగీ మీద చేయకండి, ఒక్క చుక్క యాసిడ్ పడినా అప్పుడు ఏమీ కనిపించదు, ఉతికినాక జల్లెడ అవుతుంది. నా దగ్గర అట్లాంటివి మూడున్నాయి.

హంటర్‌రోడ్ సెడాన్:
అన్నా, చేశా. టర్మినల్స్ శుభ్రంగానే ఉన్నాయి, కొంచెం పొడి ఉంటే తుడిచా. పొద్దున ఆరు గంటలకు 12.28. సెల్ఫ్ కొట్టినప్పుడు వీడియోలో కనిపించిన అన్నిటికంటే తక్కువ అంకె 9.1. కష్టం మీద స్టార్ట్ అయింది. నడుస్తుండగా 14.2, హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటర్ అన్నీ వేస్తే 13.9. ఎర్త్ పట్టీ టెస్ట్ కూడా చేశా, 0.1 వచ్చింది. 9.6 కిందికి పడింది కాబట్టి బ్యాటరీ పోయినట్టేనా?

నైట్‌షిఫ్ట్ గోదావరిఖని:
తొందరపడకండి. డైనమో బాగుంది, ఎర్త్ బాగుంది, అవి రెండూ కొట్టేయండి. ఇక 9.1 సంగతి. బ్యాటరీ ఆ పొద్దున సగమే నిండి ఉంది. రెండు పూటలు తిండి లేని మనిషి బస్తా ఎత్తలేకపోతే రోగమని చెప్తామా? ముందు కడుపునిండా పెట్టి తర్వాత ఎత్తమనాలి. అందుకే సగం ఖాళీ బ్యాటరీకి సెల్ఫ్ టెస్ట్ చేసి పోయింది అనే షాపు వాళ్లను నేను నమ్మను.

ఛార్జర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. మీది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ అయితే అందులో పదో వంతు, అంటే 3.5 ఆంపియర్ల మీద పది పన్నెండు గంటలు మెల్లగా పెట్టాలి. గాలి ఆడేచోట పెట్టండి, హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో బీడీ, అగరుబత్తి, గ్యాస్ స్టవ్ వద్దు. పైన మూతలు విప్పే రకమైతే నీళ్ల మట్టం చూడండి, ప్లేట్లు బయటికి కనిపిస్తే మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోయండి. ఫిల్టర్ నీళ్లు వద్దు, బోరు నీళ్లు అసలే వద్దు. యాసిడ్ కూడా పోయొద్దు, ఆవిరై పోయేది నీళ్లే, యాసిడ్ లోపలే ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. ఛార్జింగ్ అయినాక బ్యాటరీని బండికి తగిలించకండి. మైనస్ వైరు విప్పేసి ఒక రాత్రి, కుదిరితే రెండు రాత్రులు అట్లనే వదిలెయ్యండి. బండికి సంబంధం లేకుండా ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పడిపోతే జబ్బు బ్యాటరీది. నిలబడితే జబ్బు బండిది. ఈ ఒక్క టెస్ట్ చేస్తే సగం గొడవ తీరిపోతుంది, కానీ రెండు రోజులు ఆగాలి కాబట్టి ఎవరూ చేయరు.

జగిత్యాల అక్క:
మధ్యలో అడుగుతున్నా ఏమనుకోకండి. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు, బండి ఎనిమిది నెలల నుంచి ఇంటి ముందు రేకుల షెడ్డులోనే. బ్యాటరీ దిగిపోవద్దని ప్రతి ఆదివారం నేనే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపుతున్నా. అయినా పోయిన ఆదివారం స్టార్ట్ కాలేదు. తప్పకుండా చేస్తున్నా కదా, ఎందుకిట్లయింది? ఆయన ఫోన్‌లో నన్నే అంటున్నాడు.

నైట్‌షిఫ్ట్ గోదావరిఖని:
అక్కా, తప్పు మీది కాదు, ఐదు నిమిషాలు అని చెప్పినవాళ్లది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఒక్కసారిగా వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది, దానికి తోడు వారమంతా గడియారం, అలారం, సెంట్రల్ లాక్ కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. నిలబడి ఐదు నిమిషాలు నడిస్తే అదంతా తిరిగి రాదు. వారం వారం ఖర్చు ఎక్కువ, జమ తక్కువ. పైగా సగం ఛార్జ్‌లో నెలల తరబడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి కూర్చుంటుంది, తర్వాత ఛార్జింగ్ పెట్టినా పూర్తిగా కరగదు. స్టార్ట్ చేస్తే కనీసం అరగంట రోడ్డు మీద నడపాలి. నడిపేవాళ్లు లేకపోతే మైనస్ వైరు విప్పి పెట్టి, రెండు నెలలకోసారి ఛార్జర్ పెట్టడమే మేలు. విప్పేముందు మాత్రం తాళంచెవి జేబులో ఉందో లేదో చూసుకోండి, కొన్ని బండ్లకు కరెంటు లేకపోతే డిక్కీ తెరుచుకోదు.

మీటర్ తెప్పించి ఇప్పుడు ఎంత ఉందో చెప్పండి.

పరకాల పత్తి:
రేకుల షెడ్డు అంటున్నారు, ఎండాకాలంలో దాని కింద బ్యాటరీ కాదు, మనిషే ఛార్జ్ దిగిపోతాడు.

నైట్‌షిఫ్ట్ గోదావరిఖని:
నవ్వుతాలకు అన్నా నిజమే. అందరూ చలికి బ్యాటరీ పోతుందనుకుంటారు, ఎందుకంటే డిసెంబర్ పొద్దుల్లోనే సెల్ఫ్ కొట్టదు కాబట్టి. చంపేది మాత్రం మే నెల. మా రామగుండం వైపు 45 డిగ్రీల ఎండలో బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో చెయ్యి పెడితే తెలుస్తుంది. ఆ వేడికి నీళ్లు ఆవిరవుతాయి, లోపలి సీసం జాలీ తినుకుపోతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగం అని మా దగ్గర ఒక మోటు లెక్క. చలిలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కు ఎక్కువ బలం కావాలి, బ్యాటరీ లోపల రసాయన చర్య మందగిస్తుంది, ఎండాకాలంలో తగిలిన దెబ్బ అప్పుడు బయటపడుతుంది.

హంటర్‌రోడ్ సెడాన్:
రెండు రోజులు ఆగా అన్నా, ఆటోలో తిరిగి. ఛార్జింగ్ తీసి పన్నెండు గంటలకు 12.68. రెండు రాత్రుల తర్వాత 12.66. తగిలించి సెల్ఫ్ కొడితే కనిష్ఠం 10.3, తాళం తిప్పేలోపే స్టార్ట్. అంటే బ్యాటరీ నిమ్మళంగా ఉంది!! షాపు వాడికి 4,800 ఇచ్చుంటే ఇంకో 14 నెలలకు మళ్లీ అదే షాపుకు పోయేవాణ్ణి.

నైట్‌షిఫ్ట్ గోదావరిఖని:
14 నెలలు కూడా పట్టేది కాదు. బండిలో ఏదో తాగుతోంది. ఇప్పుడు ఆంపియర్లు కొలవాలి. జాగ్రత్తగా చదవండి.

మీటర్ ఎర్ర వైరును వోల్టుల రంధ్రంలోంచి తీసి 10 ఆంపియర్లు అని ఉన్న రంధ్రంలో పెట్టి, తిప్పుడు బటన్ కూడా 10 ఆంపియర్ల మీదికి. బ్యాటరీ మైనస్ వైరు విప్పి, విప్పిన వైరుకు ఎర్రది, మైనస్ పోస్టుకు నల్లది. అంటే మీటర్ మధ్యలో వంతెనలా ఉండి బండి తాగేదంతా దానిలోంచే పోతుంది. ఈ టైంలో తాళం తిప్పొద్దు, సెల్ఫ్ కొడితే మీటర్ ఫ్యూజ్ పోతుంది. డోర్లన్నీ వేసి లాక్ చేసి అరగంట ఆగండి. మొదట్లో రెండు మూడు ఆంపియర్లు చూపించినా భయపడొద్దు, లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి టైం పడుతుంది. ఆ తర్వాత 0.05 కిందికి రావాలి.

హంటర్‌రోడ్ సెడాన్:
అరగంట కాదు ముప్పావుగంట ఆగా. 2.8 నుంచి మెల్లగా దిగి 0.43 దగ్గర ఆగింది, ఇక కదలట్లేదు.

ఇంకోటి ఒప్పుకోవాలి. సంతోషంలో వోల్టులు కూడా ఒకసారి చూద్దామని ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలోనే ఉంచి రెండు కొసలూ బ్యాటరీకి నేరుగా పెట్టా. చిటిల్లుమని నిప్పురవ్వ, కొస నల్లగా కాలింది, పక్కన నిలబడ్డ నాన్న "ఎవరు చెప్పారురా నీకు ఈ పని" అన్నారు. మీటర్ విప్పి లోపలి ఫ్యూజ్ మార్చా.

నైట్‌షిఫ్ట్ గోదావరిఖని:
ఆ నిప్పురవ్వ చూడని ఎలక్ట్రీషియన్ లేడు లెండి. కళ్లకు ఏమీ కాలేదు కదా, అదృష్టం.

0.43 అంటే లెక్క వేయండి: రెండు రోజులకు, అంటే 48 గంటలకు 20 ఆంపియర్ అవర్లకు పైనే. మీ బ్యాటరీ మొత్తం 35. మూడో రోజు పొద్దున సెల్ఫ్ కొట్టకపోవడంలో వింతేముంది.

మంచిర్యాల మ్యూజిక్:
బండిలో బయట వేయించిన ఆండ్రాయిడ్ స్క్రీన్ ఉందా? ఉంటే వెతకాల్సిన పనే లేదు, అదే. నేను కార్ మ్యూజిక్ ఫిట్టింగ్ పనే చేస్తా. చాలామంది పసుపు వైరు, ఎర్ర వైరు రెండూ కలిపి డైరెక్ట్ కరెంటుకు ఇచ్చేస్తారు, బండి ఆపినా స్క్రీన్ లోపల్లోపల మేలుకునే ఉంటుంది. వెనక సాకెట్ పీకి మళ్లీ కొలువు.

హంటర్‌రోడ్ సెడాన్:
ఉందన్నా. స్క్రీన్ చుట్టూ ప్లాస్టిక్ ఊడబీకి సాకెట్ తీశా. 0.43 నుంచి 0.41 అయింది. దానిది రెండు పైసల పాపమే.

మంచిర్యాల మ్యూజిక్:
పది బండ్లలో ఎనిమిది అదే ఉంటుంది, మీది మిగిలిన రెండిట్లో పడింది. సరే, సాకెట్ మళ్లీ పెట్టేయండి.

నైట్‌షిఫ్ట్ గోదావరిఖని:
ఇక ఫ్యూజ్‌లు ఒక్కొక్కటి పీకడమే. ఫ్యూజ్ బాక్స్ స్టీరింగ్ కింద ఉంటే డోర్ తెరవాలి, తెరిస్తే బండి మళ్లీ నిద్ర లేస్తుంది. అందుకని డోర్ తెరిచి, డోర్ అంచులో ఉండే కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో రెండుసార్లు నొక్కి మూసినట్టు చేయండి, బండి డోర్ వేసుకుందనుకుంటుంది. పని అయినాక హ్యాండిల్ లాగి కొక్కెం విడిపించాకే డోర్ వేయాలి, మర్చిపోయి బాదితే డోర్ పోతుంది. ఏ ఫ్యూజ్ పీకితే 0.43 ఒక్కసారిగా పడిపోతుందో అదే దొంగ ఉన్న గల్లీ.

హంటర్‌రోడ్ సెడాన్:
దొరికింది! గల్లీ దొరికింది. "రూమ్ ల్యాంప్" అని రాసి ఉన్న ఫ్యూజ్ పీకగానే 0.02. మళ్లీ పెట్టగానే మొదటికి. కానీ లోపలి లైటు ఆరిపోయే ఉంది, అద్దంలోంచి తొంగి చూశా, చీకటే.

కాజీపేట జంక్షన్:
ఆ ఫ్యూజ్ మీద ఇంకేమేమి ఉన్నాయో మూత వెనక చూడండి. గ్లవ్ బాక్స్ లైటు, డిక్కీ లైటు అన్నీ దాని మీదే ఉంటాయి చాలా బండ్లలో. అసలు ఈ గొడవ ఎప్పటి నుంచి?

హంటర్‌రోడ్ సెడాన్:
మేడారం పోయొచ్చిన దగ్గర నుంచి. అప్పుడు వెనక బియ్యం బస్తా, వంట సామాను, నిలువెత్తు బంగారం తూకానికి తెచ్చిన బెల్లం ముద్దలు అన్నీ డిక్కీలోనే కుక్కాం. అది కాకతాళీయమే అనుకున్నా.

నైట్‌షిఫ్ట్ గోదావరిఖని:
ఫోన్‌లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూత వేయండి. నిమిషం తర్వాత తీసి చూడండి.

హంటర్‌రోడ్ సెడాన్:
అన్నా మీకు దండం. మూత పడ్డాక వీడియోలో చీకటి అవ్వాలి కదా, పట్టపగలు లాగా ఉంది. స్టెప్నీ మీద ధూళి, మూలకు అతుక్కున్న బెల్లం ముక్క, దాని మీద చీమలు, అన్నీ కనిపిస్తున్నాయి. డిక్కీ తెరిచినప్పుడల్లా లైటు వెలుగుతుంటే మంచిగానే పనిచేస్తోంది అనుకున్నా, మూసినాక లోపల ఏమవుతుందో ఎవరు చూస్తారు!

కింద అంచున చిన్న బటన్ ఉంది, మూత పడినప్పుడు మూతకున్న రబ్బరు బుడిపె దాన్ని నొక్కాలి. ఆ బుడిపె లేదు, దాని చోట బొక్క మాత్రమే ఉంది. బస్తా తీసేటప్పుడు తగిలి ఊడిపోయి ఉంటుంది. బల్బు మీద 5 వాట్లు అని రాసి ఉంది. 5ను 12.5తో భాగిస్తే 0.4. లెక్క అణా పైసలతో సరిపోయింది. ఇప్పటికి బల్బు తీసి జేబులో వేసుకున్నా.

పరకాల పత్తి:
అమ్మవార్లకు ఎత్తు బంగారం ఇచ్చావు, బ్యాటరీని మాత్రం చీమల కోసం దీపం పెట్టి కాలబెట్టావు అన్నా.

పాత అంబాసిడర్:
మా బండికి డిక్కీ లైటే లేదు. అయినా ఆ ఫోన్ ఉపాయం బాగుంది, ఫ్రిజ్‌లో కూడా పెట్టి చూస్తా.

హంటర్‌రోడ్ సెడాన్:
ఒక డౌటు మిగిలింది. జనవరి చివరి నుంచి ఐదారుసార్లు పూర్తిగా దిగిపోయింది ఈ బ్యాటరీ. లోపల దెబ్బ తగిలి ఉంటుందా? నాన్నతో హైదరాబాద్ పోవచ్చా దీని మీద?

నైట్‌షిఫ్ట్ గోదావరిఖని:
తగిలే ఉంటుంది. బండి బ్యాటరీ ఒక్కసారి గట్టిగా ఇచ్చి మళ్లీ నింపుకోవడానికి చేసింది, ఇన్వర్టర్ బ్యాటరీలాగా అడుగుదాకా తోడటానికి కాదు. కానీ 12.66 నిలబెట్టుకుని 10.3తో సెల్ఫ్ కొట్టింది కాబట్టి హైదరాబాద్‌కు నిశ్చింతగా పోండి. నెలకోసారి పొద్దున వోల్టులు, సెల్ఫ్ కొట్టినప్పటి అంకె ఒక కాగితం మీద రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టుకోండి. 10.3 కాస్తా 9.9, 9.7 అని దిగుతూ వస్తుంటే అప్పుడు వారంటీ కార్డు తీయండి. మే నెల దాటితే తెలిసిపోతుంది.

బ్యాటరీ పైన ఛార్జ్ చూపించే ఆకుపచ్చ కన్ను ఉంటే దాన్ని చూసి మోసపోవద్దు, అది లోపలి ఆరు గదుల్లో (సెల్స్) ఒక్క గది సంగతే చెప్తుంది.

హంటర్‌రోడ్ సెడాన్:
పోయొచ్చాం, ఎక్కడా ఆగలేదు. బుడిపె పాత స్పేర్ పార్టుల షాపులో దొరికింది, 20 రూపాయలు. బల్బు తిరిగి పెట్టి ఫోన్ వీడియో తీస్తే చీకటి. ఈ రోజు, మూడు రోజులు తీయని బండి, పొద్దున 12.55.

జగిత్యాల అక్క:
మీరందరూ రాసింది చదివి నేనూ మీటర్ తెప్పించా. నాది 10.4 చూపించింది. మా మరిది రాత్రంతా ఛార్జింగ్ పెట్టించాడు, పొద్దున చూస్తే 10.6. అంతకంటే ఎక్కట్లేదు.

నైట్‌షిఫ్ట్ గోదావరిఖని:
అక్కా, మీదాంట్లో ఒక గది పోయింది. ఒక్కో గది 2.1 వోల్టులు, ఆరు కలిస్తే 12.6. ఒకటి చస్తే 10.5. రాత్రంతా పెట్టినా 10.6 దగ్గరే ఆగిందంటే అదే. మూతలు విప్పే రకమైతే షాపులో హైడ్రోమీటర్ (యాసిడ్ చిక్కదనం చూసే తేలుడు గొట్టం) పెట్టించండి, మంచి గదుల్లో 1.260 అటూ ఇటూ ఉంటుంది, చచ్చిన దాంట్లో చాలా కిందికి ఉంటుంది, 0.050 తేడా వచ్చినా అనుమానించాల్సిందే. ఇది ఛార్జింగ్‌తో వచ్చేది కాదు, యాసిడ్ మార్చి బాగుచేస్తా అనేవాళ్లను నమ్మకండి. కొత్తది కొనండి. పాతది ఊరికే పాత సామాన్ల వాడికి వేయకండి, లోపల సీసం ఉంటుంది, షాపులో ఇస్తే బిల్లులో తగ్గిస్తారు.

కొనేటప్పుడు మీ మీటర్ వెంట తీసుకుపోండి.

జగిత్యాల అక్క:
తీసుకుపోయా. హైడ్రోమీటర్ పెట్టిస్తే ఐదు గదుల్లో 1.240 దాకా ఉంది, చివరి దాంట్లో తేలేది అసలు లేవనే లేదు. సరే కొత్తది ఇవ్వండి అన్నా. షాపు అబ్బాయి లోపలి నుంచి ఒకటి తెచ్చి కౌంటర్ మీద పెట్టి బిల్లు రాయబోతుంటే సంచిలోంచి మీటర్ తీశా. వాడు పెన్ను పట్టుకుని అట్లనే చూస్తున్నాడు. 12.31 వచ్చింది. ఎన్ని నెలల నుంచి ఇక్కడ ఉంది తమ్మీ ఇది అంటే నీళ్లు నమిలాడు. ఇది వద్దు, ఇంకోటి తియ్యి అన్నా. రెండోది 12.64. అదే బిగించుకొచ్చా, బిల్లు మీద తేదీ, సీరియల్ నంబర్ రాయించుకుని మా ఆయనకు ఫోటో పంపించా.